వాతంలో సున్నా

ఒక సున్నా గురించి ఇన్నేళ్ళు కోపం మోయడమేమిటని మా ఇంట్లోవాళ్ళే నన్ను ఆటపట్టిస్తారు. పట్టించుకోను. ఉద్యోగమంతా పిల్లల డిక్టేషన్ పుస్తకాలు దిద్దినదాన్ని. సున్నా పోతే మాట ఏమైపోతుందో నాకు తెలిసినట్టు వాళ్ళకి తెలియదు. పైగా ఆ సున్నా మా అమ్మది.

డెబ్బైల చివరి సంగతి. పుత్తూరులో ఉండేవాళ్ళం. నేను పంచాయతీ సమితి బడిలో టీచరుని. నాయన పోయాక ఇంట్లో అమ్మా నేనే. అమ్మకి చక్కెర జబ్బు, దానికి తోడు మోకాళ్ళ వాతం. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. పుత్తూరులో ఉంటూ కాలు నొప్పంటే ఎవరైనా మొదట అడిగేది "కట్టు కట్టించలేదా?" అనే. మా ఊరి కట్టుకి అంత పేరు. అమ్మ నవ్వేది. "కట్టు ఇరిగిన ఎముకలకి మే. నాది ఇరగలా, అరిగింది" అనేది.

తిరుపతిలో ఒక ఆసుపత్రిలో మోకాళ్ళకి కరెంటు వైద్యం చేస్తున్నారని విని తీసుకుపోయాను. ఆ ఆసుపత్రి పేరు రాయను. రాస్తే మళ్ళీ ఎవరో ఒకరు సంజాయిషీ అడుగుతారు, నాకిప్పుడు ఓపిక లేదు. అక్కడ ఆ వైద్యం చేసేవాణ్ణి ఫిజియోథెరపిస్టు అనాలట. అప్పట్లో ఆ మాట మా నోటికి తిరిగేది కాదు, అందరూ కరెంటు డాక్టరు అనేవాళ్ళు. ముప్పై ఏళ్ళుంటాయేమో. మర్యాదస్తుడు. అమ్మ చీలమండకి ఇసక మూట కట్టి, "ఎత్తవ్వా, ఇంకొంచెం, అంతే" అని చిన్నపిల్లని నడిపించినట్టు ఎత్తించేవాడు. మూడో వారానికి అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా రైలు మెట్టు ఎక్కింది. ఈ మాట కూడా చెప్పాలి. చెప్పకపోతే నేనూ ఆ ఆసుపత్రివాళ్ళలాంటిదాన్నే అవుతాను.

నడవగలుగుతోంది కదా అని నాలుగో వారం నుంచి అమ్మ ఒక్కతే పాసింజరు బండిలో వెళ్ళి వచ్చేది. నాకు బడి. ఒక రోజు సాయంత్రం అమ్మ నా ఎదుట కాళ్ళు కడుక్కోలేదు. మరుసటి రోజూ అంతే. మూడో రోజు చీర కుచ్చిళ్ళకి అంటిన పసుపుపచ్చ మందు చూసి గట్టిగా అడిగితే కాలు చూపించింది. పిక్క మీద అరచేయంత మేర చర్మం లేదు.

జరిగిందిది. ఆ రోజు మోకాలికి ఎర్ర దీపంతో వేడి పెట్టి, దీపం కొంచెం కిందికి వంచి, ఆయన ఎవరో పిలిస్తే బయటికి వెళ్ళాడు. ఎంతసేపటికి వచ్చాడో అమ్మకి తెలియదు. గదిలో గడియారం లేదు, ఉన్నా అమ్మకి చూడటం రాదు. చక్కెర జబ్బుతో అమ్మ కాళ్ళు మోకాళ్ళ కింద ఎప్పుడో మొద్దుబారాయి. వేడి తెలియలేదు. వాసన మాత్రం తెలిసింది.

"యాడో ఏందో మాడతా ఉండాది, ఆసుపత్రి వంటింట్లో ఎవురో సూసుకోలేదేమో అనుకుంటి మే" అంది అమ్మ.

ఈ మాట నేను ఇప్పటికీ మామూలుగా చెప్పలేను.

"మూడు రోజులు నాకెందుకు చెప్పలేదు?" అని అరిచాను.

"ఆయప్ప భయపడిపోయినాడు. ఎవురికీ చెప్పొద్దు అవ్వా అన్నాడు, పాపం. సరే అంటి. మాటిచ్చినాక ఎట్ల చెప్పేది?"

మా అమ్మ అటువంటిది. మాటిస్తే నాలుక కోసినా దాటదు.

పొరబాటు ఎవరికైనా జరుగుతుందిలే అని నేను కూడా అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. పుండు మానితే చాలనుకున్నాను. మానలేదు. నెల తిరిగినా పచ్చిగానే ఉంటే, ఎవరో చెప్పారని ఎల్ల దాటి అరవదేశంలో ఇంకో ఆసుపత్రికి తీసుకుపోయాను. పుండుకి కట్టు మార్చాక, కాలు బిగుసుకుపోకుండా వ్యాయామం నేర్పడానికి ఒక అమ్మాయి దగ్గరికి పంపారు. ఆమెది కూడా కరెంటు డాక్టరు పనే. ఆ అమ్మాయి మొట్టమొదట చేసిందేమిటంటే రెండు గాజు గొట్టాలు తెచ్చింది. ఒకదాంట్లో వేడి నీళ్ళు, ఒకదాంట్లో చన్నీళ్ళు. "కళ్ళు మూసుకోండి పాటీ, ఏది వేడో చెప్పండి" అని, అమ్మని అరవంలో అవ్వా అని పిలుస్తూ, ఒకటి మార్చి ఒకటి కాలికి ఆనించింది. అమ్మ కళ్ళు మూసుకుని, పరీక్షకి కూర్చున్న పిల్లలా శ్రద్ధగా, ప్రతిసారీ తప్పే చెప్పింది.

"ఇదెందుకమ్మా?" అన్నాను.

"వేడి తెలియని కాలికి వేడి పెట్టకూడదు అక్కా. అందుకే ముందు ఇట్ల చూస్తాము. మాకు చెప్పే మొదటి పాఠం ఇదే."

మొదటి పాఠం. రెండు గాజు గొట్టాలు, ఒక్క నిమిషం పని. నా చెవులు అక్కడే వేడెక్కాయి. ఒకటో తరగతి పిల్లవాడు అ ఆలు రాయకపోతే నేను ఊరుకోను. ఈయన అ ఆలు వదిలేసి మా అమ్మ కాలు కాల్చాడు. దాన్ని పొరబాటని నేను నెల రోజులు సరిపెట్టుకున్నాను. ఆ అమ్మాయిని ఒక చీటీ రాసివ్వమన్నాను, కాలికి వేడి తెలియడం లేదని రాసిచ్చింది.

మర్నాడు బడి నుంచి రాగానే ఫిర్యాదు రాశాను. ఒకటే పేజీ. ఆయన ఉద్యోగం తీసెయ్యమని రాయలేదు. నాకు పరిహారమూ అక్కర్లేదు. జరిగిన తప్పు తప్పని కాగితం మీద రాయాలి, ఇక మీద ఏ కాలికైనా ఆ పరీక్ష చేశాకే దీపం పెట్టాలి అని రెండే రెండు అడిగాను. చీటీ జతచేసి, తిరుపతి వెళ్ళి పెద్ద డాక్టరు చేతికే ఇచ్చాను. "చూస్తాంలేమ్మా" అన్నాడు.

నాలుగో రోజు ఇంటర్‌వెల్ బెల్లు కొట్టాక కరెంటు డాక్టరు మా బడికొచ్చాడు. ఆయన చొక్కా జేబులో మడిచిపెట్టిన కాగితం నాది. నా దస్తూరీ నాకు దూరం నుంచే తెలుస్తుంది. నేను పెద్ద డాక్టరుకి నమ్మి ఇచ్చిన కాగితం, ఎవరి మీద రాశానో ఆయన జేబులోకి వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"టీచరమ్మా, ముందు నాతో ఒక మాట చెప్పుంటే సరిపోయేది కదా" అన్నాడు. "నాకు ఇద్దురు బిడ్డలు."

ఆ మనిషిని చూస్తే జాలి వేసింది. అదొక చికాకు, కోపంతో ఉన్నవాళ్ళని జాలి సగంలో ఆపేస్తుంది. "పరీక్ష చెయ్యలేదని ఒక్క ముక్క రాసివ్వండి. నా కాగితం వెనక్కి తీసుకుంటాను" అన్నాను.

"రాస్తే నేను పోతా టీచరమ్మా. ఈడ ఎవురూ తప్పు చేసినానని రాయరు. రాసినోడే పోతాడు."

ఆ మాట నిజమేనని నాకిప్పుడు తెలుసు. తప్పు ఒప్పుకున్నవాణ్ణి తీసేసి, ఒప్పుకోనివాణ్ణి కాపాడే చోట ఎవరు ఒప్పుకుంటారు? కానీ ఆ రోజు నాకు అంత ఆలోచన లేదు. "అయితే విచారణలో చెప్పండి" అని క్లాసులోకి వెళ్ళిపోయాను.

విచారణకి ఆరు నెలలు పట్టింది. మర్నాడే హాజరు కావాలని ముందు రోజు మధ్యాహ్నం పోస్టుకార్డు వచ్చింది. పుండు అప్పటికి అరచేయంత మచ్చై ముడుచుకుంది, పాదం పూర్తిగా ఆనేది కాదు. సెలవు పెట్టి, అమ్మని పట్టుకుని మేడ మెట్లు ఎక్కించాను. గుమ్మం దగ్గర ప్యూను నన్ను ఆపేశాడు.

"పెద్దామె ఒకరే లోపలికి. మీరు ఈడ్నే ఉండండి."

"రాసింది నేనప్పా."

"కాలింది ఎవురికి? ఆమెనే అడగతారు."

బెంచీ మీద కూర్చున్నాను. తలుపు సందులోంచి ఏమీ కనిపించలేదు. పావుగంట కూడా కాలేదు, అమ్మ బయటికి వచ్చింది. ఎడమ బొటనవేలికి సిరా. ఆ వేలిని చీరకి తగలకుండా పైకెత్తి పట్టుకుంది.

లోపల ఏం జరిగిందో రైల్లో చెప్పింది. ముగ్గురు కూర్చున్నారట, వాళ్ళ పక్కన కుర్చీలో కరెంటు డాక్టరు కూడా. అమ్మకి కుర్చీ లేదు. ఎన్నాళ్ళ నుంచి కాలు బాగాలేదని అడిగారట.

"ఈడికి రాకముందు నించీ వాతం ఉండాది సామీ, దానికే కదా ఈడికొచ్చింది అని చెప్తి. రాసుకున్నారు. ఆ మీద దీపం సంగతి చెప్పబోతే, అదంతా మీ బిడ్డ కాయితంలో ఉండాదిలేమ్మా అన్నారు."

"కాలు చూశారా?"

"సూడండి సామీ అని కోక రవంత పైకి తీసినా. వొద్దులేమ్మా, కాయితాలన్నీ ఉండాయి అన్నారు."

"నువ్వు చెప్పింది నీకు చదివి వినిపించారా?"

"లేదు మే. వేలు పట్టుకోని అద్దించుకున్నారు."

నేనక్కడే రైలు దిగి వెనక్కి వెళ్ళి ఉండాల్సింది. అప్పుడు వెళ్ళకపోవడం నా తప్పు.

ఇంకో మూడు నెలలకి ఒక లైను ఉత్తరం వచ్చింది. ఫిర్యాదులో వాస్తవము లేదని తేలినందున ఇందుమూలముగా ముగించడమైనది. ఏ వాస్తవం లేదో, ఎలా తేలిందో, ఒక్క ముక్క లేదు. ఉత్తరం కంటే ముందే మాట ఊళ్ళోకి వచ్చేసింది. అమ్మ పూలు కొనడానికి వెళితే ఎవరో ఆడమనిషి నలుగురిలో అడిగింది: "ఏమత్తా, ఇంట్లో వాత పెట్టించుకోని ఆసుపత్రోళ్ళ నెత్తిన వేసినావంటనే?"

అమ్మ పూలు కొనకుండానే వచ్చేసింది. గోడకానుకుని కూర్చుని, "వాతా? నేను వాత పెట్టించుకున్నానా? పుత్తూరులో కట్టు కడతారు గానీ వాత పెట్టేవోళ్ళు ఎవురుండారు మే?" అంది. కాసేపటికి, "నేను అబద్ధమాడినానని అనుకుంటా ఉండారు" అంది. కాలు కాలినప్పుడు ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. ఆ రోజు నుంచి బజారుకి వెళ్ళడం మానేసింది. రెండు నెలలు గుమ్మం దాటలేదు.

ఆ వాత ఎక్కడి నుంచి పుట్టిందో తెలుసుకోవాలని నేను మళ్ళీ తిరుపతి వెళ్ళాను. ఫైలు చూపించమని మూడుసార్లు తిరిగాను. మూడోసారి ఒక ముసలి గుమాస్తాకి నామీద జాలి కలిగింది. "చదువుకోండమ్మా. రాసుకోవద్దు" అని బల్ల మీద పెట్టి, తను పక్క బల్ల దగ్గరికి వెళ్ళాడు.

కరెంటు డాక్టరు జవాబు నాలుగు పేజీలు, టైపు కొట్టించింది. అరవదేశం అమ్మాయి చీటీ మీద "బయటి ఆసుపత్రిది, పరిగణించలేదు" అని ఉంది. అమ్మ వాంగ్మూలం ఆరు లైన్లు, చేత్తో రాసింది. మూడో లైనులో ఉంది: "ఆసుపత్రికి రాకముందు నుండియే తన కాలికి వాత కలదని ఫిర్యాదిదారు చెప్పినది."

వాత. సున్నా లేదు.

రాసినవాడికి పెన్ను ఆగిందో, తొందరో, కావాలనే చేశాడో, నాకు తెలియదు. ఆ దేవుడికే తెలియాలి. వాతం కీళ్ళ నొప్పి. వాత ఎర్రగా కాల్చిన ఇనుముతో పెట్టేది. మధ్యలో ఉన్నది ఒక్క సున్నా. ఆ పోయిన సున్నా మీద వాళ్ళు రిపోర్టు మొత్తం కట్టేశారు. పుత్తూరు ప్రాంతమున నాటువైద్యము అలవాటైనందున అని ఒక వాక్యం. ఫిర్యాదిదారు స్వయముగా అంగీకరించినందున కాలు పరీక్షింపవలసిన అవసరము కన్పట్టలేదు అని ఇంకొకటి. కింద మా అమ్మ వేలిముద్ర. తను అనని మాట కింద, చదవలేని మాట కింద, నమ్మి పెట్టిన వేలిముద్ర.

ముగ్గురు పెద్దమనుషులు, అందరూ చదువుకున్నవాళ్ళు. కాలు రెండడుగుల దూరంలో ఉంది. కాలుని వదిలేసి కాగితం చూశారు, ఆ కాగితాన్ని కూడా సరిగ్గా రాయలేదు!

నా సంచీలో ఎర్ర పెన్ను ఉంది. తీశాను. 'వాత' పక్కన సున్నా పెట్టాను, గుండ్రంగా, బోర్డు మీద పెట్టినంత స్పష్టంగా. అంతటితో ఆగితే ఎవరికీ తెలిసేది కాదేమో. చెయ్యి అలవాటున అంచులో పొట్టి సంతకం కూడా పెట్టేసింది, పిల్లల పుస్తకాల్లో పెట్టినట్టే. ఫైలు మూసి, గుమాస్తాకి దండం పెట్టి వచ్చేశాను.

మా అమ్మ కాలు గురించి తేల్చడానికి తొమ్మిది నెలలు పట్టిందా? నా సున్నా మీద వాళ్ళ ఫిర్యాదు వారం తిరక్కముందే మా సమితి ఆఫీసుకి చేరింది. ప్రభుత్వ రికార్డు దిద్దినందుకు మెమో వచ్చింది. దాంట్లో ఆరోపణ ఏమిటో స్పష్టంగా ఉంది. వాళ్ళు రాసిన ఫిర్యాదు నకలు ఉంది. జవాబివ్వడానికి గడువు ఉంది. విచారణకి నాకు ఇష్టమైనవాళ్ళని ఒకరిని తోడు తెచ్చుకోవచ్చట. చెప్పింది రాసుకున్నాక చదివి వినిపిస్తారట, సరిగ్గా ఉందనుకుంటేనే సంతకమట.

నేనా మెమో చేత్తో పట్టుకుని నవ్వాను, నవ్వుతూనే ఏడుపొచ్చింది. ఇవన్నీ ఉన్నాయన్నమాట! నామీద ఆరోపణ వస్తే నాకు దక్కాల్సినవే, కాదనను. కరెంటు డాక్టరుకీ దక్కాల్సినవే. మరి మా అమ్మకి? కాలు కాలినదానికి ఒక కుర్చీ, పక్కన ఒక మనిషి, చెప్పింది చదివి వినిపించే ఒక గొంతు ఉండాలని ఆ మేడ మీద ఎవరికీ తోచలేదు.

నేను తోడుగా అమ్మని తీసుకుపోయాను. రెండు నెలల తర్వాత అమ్మ గుమ్మం దాటింది అప్పుడే.

చిత్తూరు నుంచి వచ్చిన అధికారి నెమ్మదస్తుడు. ఇద్దరికీ కుర్చీలు వేయించాడు. "ఈ ఎర్ర సున్నా మీరు పెట్టినారా?" అని అడిగాడు.

"పెట్టాను."

"ఎందుకు?"

"తప్పుంటే దిద్దడం నా పని సార్. మా అమ్మ వాతం అంది. వాళ్ళు వాత అని రాశారు."

ఆయన రాసుకున్నాడు. అమ్మ కుర్చీలోంచి లేచింది. ఎవరూ అడగకుండానే కోక అంచు మోకాలి దాకా ఎత్తి, ఆ కాలు ఆయన బల్ల అంచుకి ఆనించింది. ముడతలు పడి మెరుస్తున్న మచ్చ. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇది ఈ విచారణలోకి రాదమ్మా" అన్నాడు చివరికి. గొంతులో మాత్రం నెమ్మది లేదు.

"సూసినారు కదా సామీ. సాలు" అని అమ్మ కాలు దించింది.

పది రోజులకి ఉత్తర్వు వచ్చింది. నా సర్వీసు రిజిస్టరులో ఎక్కించారు, నాకొక నకలు ఇచ్చారు. "తన తల్లి చెప్పిన మాట 'వాతం' కాగా, వాంగ్మూలములో 'వాత' అని తప్పుగా వ్రాయబడినదని అధికారులకు విన్నవించుకొనక, స్వయముగా దిద్దినందులకు ఈ ఉపాధ్యాయినిని మందలించడమైనది."

మూడుసార్లు చదివాను. కాగా అని ఉంది. తప్పుగా అని ఉంది. ఆయన మందలించే వంకతో రాయాల్సినదంతా రాసేశాడు. కావాలనే రాశాడని నేను నమ్ముతాను.

ఆసుపత్రిలో ఏమీ మారలేదు. కరెంటు డాక్టరు ఆ దీపం దగ్గరే ఇంకా చాలా ఏళ్ళు పనిచేశాడు. గాజు గొట్టాలు తెప్పించుకున్నాడో లేదో నాకెవరూ చెప్పలేదు.

మందలింపు మీద అప్పీలు చేసుకోమని బళ్ళో అందరూ చెప్పారు. కొట్టేస్తారు, రిజిస్టరు శుభ్రంగా ఉంటుంది, హెడ్‌మాస్టరు పోస్టుకి అడ్డం రాదన్నారు. నేను చేసుకోలేదు. మా అమ్మ మాట సరిగ్గా రాసి ఉన్న ప్రభుత్వ కాగితం ఈ లోకంలో అదొక్కటే. మందలింపు కొట్టేస్తే దాంతోపాటు ఆ సున్నా కూడా పోతుంది. హెడ్‌మాస్టరు పోస్టు నాకు చివరిదాకా రాలేదు.

ఉత్తర్వు వచ్చిన రోజు అమ్మకి చదివి వినిపించాను. అమ్మకి అక్షరాలు రావు. "యాడుండాది?" అంది. వేలు పట్టుకుని ఆ మాట మీద పెట్టాను.

"ఇది సున్నానా?"

"అదేనమ్మా."

మర్నాడు పొద్దున్నే అమ్మ ఆ నకలు మడిచి బొడ్లో దోపుకుని, కుంటుకుంటూ పూలు కొనడానికి బజారుకి వెళ్ళింది.